స్టార్‌ఫిష్‌కి తల యాడుండాది?

చిత్తూరు_బైపీసీ
అందరికీ నమస్తే. మాది చిత్తూరు దగ్గర పల్లె, ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతా ఉండాను. ఎనిమల్ కింగ్‌డమ్ చాప్టర్లో ఇకైనోడర్మేటా, అంటే స్టార్‌ఫిష్, సీ అర్చిన్ లాంటివి ఉండే ఫైలమ్ (పెద్ద గుంపు) కాడ ఆగిపోయినా. నోట్సులో నాలుగు లైన్లే ఉండాయి, చర్మం మీద ముళ్ళు, సముద్రంలోనే బతుకు, వాటర్ వ్యాస్కులర్ సిస్టమ్ (ఒంట్లో నీళ్ళ గొట్టాలు), లార్వా బైలేటరల్ (కుడి ఎడమ సమానం) పెద్దది రేడియల్ (నడిమధ్య నుంచి చుట్టూ సమానం), అంతే. బట్టీ పడితే మార్కు వస్తుంది, దానికేం గానీ నాకు అర్థం కానిది ఒకటుంది. వానపాము, రొయ్య, నత్త అన్నీ అయిపోయినాక, సరిగ్గా మనం ఉండే గుంపు కార్డేటాకి ఆనుకొని దీన్ని పెట్టినారు. తల లేదు, మెదడు లేదు, గుండె అని చెప్పుకునేది లేదు, ముందు ఏదో వెనక ఏదో తెలీదు, ఇట్లాంటిది రొయ్య కన్నా మనకి దగ్గర చుట్టం ఎట్ల అవుతుంది? ఇంగో డౌటు, తల లేదంటే నిజంగానే లేదా, ఉండి మనకి కనపడలేదా? ఎగ్జామ్ కోసం కాదు, తెలుసుకోవాలని అడుగుతా ఉండా, తెలిసినోళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

బైరాగిపట్టెడ_జువాలజీ
బాబూ, పెరిగి పెద్దయిన జంతువుని చూసి చుట్టరికం తేల్చలేం, గుడ్డు నుంచి చూసుకుంటా రావాల. గుడ్డు ఫలదీకరణ అయినాక రెండు, నాలుగు, ఎనిమిది కణాలుగా చీలి చివరికి లోపల ఖాళీగా ఉండే బంతి అవుతుంది కదా. ఆ బంతికి ఒకచోట లోపలికి సొట్ట పడి కన్నం ఏర్పడుతుంది, అదే బ్లాస్టోపోర్. నత్తలు, వానపాముల వైపు గుంపుల్లో చాలావాటికి నోరు ఆ కన్నం వైపునే వస్తుంది. ఇకైనోడర్మ్‌లలో, మనలో అది మలద్వారం వైపు, నోరు తర్వాత వేరేచోట కొత్తగా తెరుచుకుంటుంది. అందుకే ఈ గుంపుని డ్యూటెరోస్టోమ్‌లు అంటారు. సీలోమ్, అంటే ఒంటి లోపలి ఖాళీ గది కూడా పేగు గోడ నుంచి సంచుల్లాగా బయటికి ఉబ్బి వస్తుంది. ఇదంతా మైక్రోస్కోపు కాలం నాటి సంగతి, తర్వాత డీఎన్‌ఏ పోల్చి చూసినా అదే తేలింది. ఇకైనోడర్మ్‌లకి అందరికన్నా దగ్గరివి బాలనోగ్లాసస్ అనే పురుగులాంటి సముద్ర జీవి ఉండే హెమీకార్డేటా, ఆ రెండూ కలిసిన కొమ్మకి పక్క కొమ్మ మనది. రొయ్య చాలా దూరంలో ఉండే ఇంకో కొమ్మ.

ఇప్పుడు లార్వా సంగతి. స్టార్‌ఫిష్ గుడ్డులోంచి వచ్చేది నక్షత్రం కాదు, బైపిన్నేరియా అనే లార్వా. మిల్లీమీటరు సైజు, గాజులాగా లోపలంతా కనపడుతుంది, ఒంటి చుట్టూ సన్న వెంట్రుకల పట్టీలు, వాటిని కదిలిస్తా నీళ్ళలో ఈదుతా ఉంటుంది. నోరు, కడుపు, మలద్వారం అన్నీ ఉంటాయి, కుడి ఎడమ మనకి మాదిరే సమానంగా ఉంటాయి. పెద్ద జంతువుగా మారేటప్పుడు లార్వా ఎడమ పక్కన ఉండే ఒక సీలోమ్ సంచి పెరిగి ఐదు మొగ్గలు వేస్తుంది. వాటర్ వ్యాస్కులర్ సిస్టమ్ మొదలయ్యేది అక్కడే. కుడి పక్క సంచికి ఆ పెరుగుదల ఉండదు. ఎడమ పక్క పోయి నోరుండే కింది వైపు అవుతుంది, కుడి పక్క పై వైపు అవుతుంది. నిలువుగా ఉన్న ఒళ్ళు అట్లా పక్కకి తిరిగి, ఐదు దిక్కులకి పంచుకున్న ఒళ్ళుగా మారుతుంది. నాకు ఈ ఫైలమ్ మొత్తంలో ఇంత ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి లేదు. ముప్పై మంది పిల్లల క్లాసులో ఇది చెప్పేటప్పుడు కనీసం ఒక్కరైనా ‘ఎందుకు ఎడమే’ అని అడుగుతారు, అడగాల్సిన మాట కూడా అదే.

చిత్తూరు_బైపీసీ
మేడమ్ థాంక్యూ. అంటే ముందు మనమాదిరి తిన్నగా ఉండే జీవి, తర్వాత ఐదు అయిందన్నమాట. నేను ఇన్నాళ్ళూ జెల్లీఫిష్ మాదిరి మొదట్నుంచి గుండ్రంగా ఉండేదే అనుకుంటా ఉండా. మరి తల సంగతి? లార్వాకి ముందు వైపు ఉంటుంది కదా, అది యాడికి పోయింది?

ఏర్పేడు_ల్యాబ్
ఈ ప్రశ్నకి చాలా ఏళ్ళు రకరకాల సమాధానాలు ఉండేవి. ఒక్కో చేయి ఒక్కో మనిషి లాంటి పొడవు ఒళ్ళు అని కొందరు, నోరుండేది ముందు వీపుండేది వెనక అని కొందరు. 2023లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, పాటిరియా మినియాటా (బ్యాట్ స్టార్) అనే స్టార్‌ఫిష్ మీద చేసినారు. మనలో, ఈగలో, బాలనోగ్లాసస్‌లో ఒంటిని ముందు నుంచి వెనక్కి గుర్తుపెట్టే జీన్‌లు కొన్ని ఉన్నాయి, ముక్కు వైపు కొన్ని, మెడ వైపు కొన్ని, నడుము నుంచి కింద హాక్స్ జీన్‌లు, ఇట్లా వరసగా. ఆ జీన్‌లు స్టార్‌ఫిష్ ఒంట్లో ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో వాళ్ళు మ్యాప్ గీసినారు. తేలిందేంటంటే, ప్రతి చేతికీ నట్టనడుమ గీత మీద తల ముందు భాగానికి సంబంధించిన జీన్‌లు, అక్కడి నుంచి అంచుల వైపు జరిగే కొద్దీ తల వెనక భాగానివి. నడుము, మొండెం గుర్తులు పై పొరలో దాదాపు లేవు. అంటే స్టార్‌ఫిష్‌కి తల లేకపోవడం కాదు, పైకి కనపడేదంతా తల భాగమే, లేనిది మొండెం.

జీన్‌ల మ్యాప్ తల వైపుది అన్నంత మాత్రాన అందులో మెదడు కూర్చోని ఉందని కాదు, అది గుర్తుపెట్టుకోవాల. నాడులు నోటి చుట్టూ ఒక రింగు, అక్కడి నుంచి చేతికొకటి చొప్పున తీగలు, అంతే. ఆర్డర్లు వేసే ఒక్క కేంద్రం లేదు.

తూపిలిపాలెం_అల
అన్నా మాది వాకాడు పక్క. అలివి వల లాగినప్పుడు ఇవి పడతాయి, ఇసక రంగులో, అరచెయ్యంత, ఐదు చేతులు సూదిగా, అంచుల్లో దువ్వెన పళ్ళ మాదిరి ముళ్ళు. చేపలు ఏరుకున్నాక వీటిని పెద్దోళ్ళు తిరిగి నీళ్ళలోకి ఇసిరేస్తారు, పిలకాయలు కొన్ని ఎత్తుకొని ఎండబెట్టి ఇంట్లో పెట్టుకుంటారు. నేను మొన్న ఒకదాన్ని తొట్లో సముద్రపు నీళ్ళు పోసి దాంట్లో ఇసక ఏసి పెట్టి చూసినా. వెల్లకిలా పెడితే ముందు చేతుల కొసలు కొంచెం పైకి మడుచుకున్నాయి, తర్వాత రెండు చేతులు ఇసకని తాకి మెలి తిరిగినాయి, కింద ఉండే సన్నటి కాళ్ళు వందలు ఒకేసారి అటూ ఇటూ తడుముతా ఉన్నాయి, మెల్లిగా ఒళ్ళంతా వంగి మొగ్గేసి తిరగబడింది. తిరిగినాక గమ్మున ఉండలా, ఉన్న చోటనే ఇసకలోకి దిగిపోయింది, పైన నక్షత్రం ఆకారం అచ్చు మాత్రం మిగిలింది. ఫొటో పెడతా ఉండా. నా డౌటు ఏందంటే, బుక్కులో ట్యూబ్ ఫీట్ చివర సక్కర్ ఉంటుంది అని ఉండాది, దీని కాళ్ళు మొనదేలి ఉండాయి, సక్కర్ ఏదీ కనపడలా.

బైరాగిపట్టెడ_జువాలజీ
నీ ఫొటో చూస్తే ఆస్ట్రోపెక్టెన్ అనే స్టార్‌ఫిష్ రకం అని గట్టిగా అనిపిస్తోంది నాయనా, అంచున పెద్ద పలకలు, వాటి మీద ముళ్ళు ఉండటం దాని గుర్తు. మన తూర్పు తీరంలో ఇసక నేలల్లో ఇది మామూలుగా దొరికేదే. దాని కాళ్ళకి సక్కర్ ఉండదు, నువ్వు చూసింది కరెక్టు. రాళ్ళని పట్టుకొని ఎక్కే వాటికి చివర పళ్ళెం లాంటి భాగం అవసరం, ఇసక తవ్వుకొని దిగే దానికి మొన కావాల. ఇంకో సంగతి, దీనికి మలద్వారం కూడా లేదు. చిన్న చిన్న నత్తల్ని గవ్వతో సహా మింగేస్తుంది, లోపల అరిగినాక ఖాళీ గవ్వల్ని మళ్ళీ నోట్లోంచే బయటికి తోస్తుంది. బుక్కులో కడుపుని బయటికి తీసి ఆల్చిప్పని తినే బొమ్మ ఉంటుంది చూడు, అది ఆస్టీరియాస్ లాంటి వేరే స్టార్‌ఫిష్‌ల సంగతి, ఆస్ట్రోపెక్టెన్ అట్లా చెయ్యదు.

ఈసారి దొరికితే లెన్సు పెట్టి పై వైపు చూడు. రెండు చేతుల సందులో, అంచుకి దగ్గరగా, గీతలు గీతలుగా ఉండే చిన్న బిళ్ళ ఒకటి కనపడుతుంది. అదే మాడ్రిపోరైట్, నీళ్ళ గొట్టాల మొదలు. ఐదు చేతులున్నా ఇది ఒక్కటే, ఒక పక్కనే ఉంటుంది. పూర్తిగా ఐదు సమాన భాగాలు అని మనం చెప్పుకునేది అక్కడే తప్పిపోతుంది. దాని కింద నుంచి స్టోన్ కెనాల్, గోడల్లో సున్నం ఉంటుంది కాబట్టి ఆ పేరు, అది నోటి చుట్టూ ఉండే రింగ్ కెనాల్‌లో కలుస్తుంది, రింగు నుంచి చేతికొక రేడియల్ కెనాల్, దాని నుంచి రెండు పక్కలా చిన్న కాలవలు, ఒక్కో కాలవ చివర ఒక్కో ట్యూబ్ ఫుట్, దాని తల మీద లోపలి వైపు ఆంపుల్లా అనే చిన్న సంచి.

రేణిగుంట_హైడ్రాలిక్స్
మేడమ్ నేను చదువుకున్నది తక్కువ, జేసీబీలకి హైడ్రాలిక్ పని చేస్తాను. మా చెల్లెలి కొడుకు ఈ పేజీ చూపించినాడు, చదివినాక ఊరికే ఉండలేక రాస్తా ఉండాను. జేసీబీలో ఒక పంపు ఉంటుంది, దాని ప్రెషర్ పైపుల్లో పోయి ఏ సిలిండర్ కావాలంటే దాన్ని లేపుతుంది. దీంట్లో పైపులన్నీ చెప్పినారు, పంపు యాడుండాదో చెప్పలేదు. నోటి కాడ ఉండే రింగు పంపా? ఒక పక్క కాలు లేస్తే ఇంకో పక్క ప్రెషర్ పడిపోదా? ఒక చెయ్యి తెగిపోతే నీళ్ళన్నీ కారిపోయి మొత్తం ఆగిపోవాల కదా?

బైరాగిపట్టెడ_జువాలజీ
సరిగ్గా అడగాల్సిన చోట అడిగినారు. దీంట్లో నడిమధ్య పంపు లేదు. ప్రతి కాలికీ దాని పంపు దానిదే, ఆ ఆంపుల్లానే పంపు. ఆంపుల్లా కండరం బిగిస్తే లోపలి నీళ్ళు కాల్లోకి పోతాయి. కాలవ దగ్గర వాల్వు ఉంటుంది, అది మూసుకొని నీళ్ళు వెనక్కి రేడియల్ కెనాల్‌లోకి పోకుండా ఆపుతుంది. కాలి గోడలో ఉండే నార దాన్ని పక్కలకి ఉబ్బనివ్వదు, కాబట్టి నీళ్ళు పోతే కాలు లావు కాకుండా పొడుగు అవుతుంది. పొడుగైన కాలు ఎటు వంగాలో దాని గోడలోని నిలువు కండరాలు చూసుకుంటాయి, ఒక పక్కవి బిగిస్తే ఆ పక్కకి వంగుతుంది. వెనక్కి తీసుకోవాలంటే ఆ నిలువు కండరాలన్నీ ఒకేసారి బిగిస్తే కాలు పొట్టిదై నీళ్ళు తిరిగి ఆంపుల్లాలోకి పోతాయి. అందుకే ఒక కాలు లేస్తే ఇంకోదాని ప్రెషర్ తగ్గదు, చెయ్యి తెగినా మిగతా నాలుగూ నడుస్తాయి. రింగ్ కెనాల్, స్టోన్ కెనాల్, మాడ్రిపోరైట్ పని ఏంటంటే మొత్తం మీద తగ్గిన నీళ్ళని పూడ్చుకోవడం. ఆ ద్రవం చాలావరకు సముద్రపు నీళ్ళే, కొంచెం పొటాషియం ఎక్కువ, కొన్ని ప్రొటీన్లు, కొన్ని కణాలు.

రేణిగుంట_హైడ్రాలిక్స్
ప్రతి సిలిండర్‌కీ సొంత పంపు, సొంత వాల్వు. అట్ల అయితే ఒక్క సీలు పోయినా బండి ఆగదు. చాలా మంచి డిజైను మేడమ్. ఇన్ని వందల కాళ్ళు ఒకే పక్కకి ఎట్ల పోతాయి మెదడు లేకుండా, అది ఇంగా ఆలోచిస్తా ఉండా.

ఏర్పేడు_ల్యాబ్
అన్నా, నాడుల తీగ ద్వారా ఏ చెయ్యి ముందుండాలో అనేది మాత్రం తేలుతుంది. ఆ చెయ్యి దిక్కుకి మిగతా చేతుల కాళ్ళన్నీ అడుగు వేస్తాయి. కానీ మన కాళ్ళ మాదిరి ఒకటి తర్వాత ఒకటి అని వరస ఉండదు, దిక్కు ఒకటే, ఏ కాలు ఎప్పుడు లేస్తుందనేది దాని ఇష్టం. ముందున్న చెయ్యి ఎప్పుడూ ఒకటే ఉండాలని కూడా లేదు, దిక్కు మార్చాలంటే ఒళ్ళు తిప్పదు, వేరే చెయ్యి ముందు అవుతుంది.

కోచింగ్_సార్_తిరుచానూరు
పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారని ఒక మాట. పరీక్షలో ట్యూబ్ ఫీట్ పని అంటే లోకోమోషన్, ఆహారం పట్టుకోవడం, రెస్పిరేషన్, ఈ మూడూ రాయండి. సక్కర్లు వ్యాక్యూమ్‌తో అతుక్కుంటాయి అని మేం చెప్తా ఉంటాం, పాత బుక్కులన్నిట్లో అట్లనే ఉంది.

ఏర్పేడు_ల్యాబ్
సార్ మూడు పనులూ కరెక్టే. వ్యాక్యూమ్ దగ్గర మాత్రం ఇప్పుడు లెక్క మారింది. కాలి చివర పళ్ళెంలో రెండు రకాల గ్రంథి కణాలు ఉన్నాయి, ఒక రకం జిగురు వదులుతుంది, ఇంకో రకం ఆ జిగురుని విడిపించే పదార్థం వదులుతుంది. స్టార్‌ఫిష్ గాజు మీద నడిచి పోయినాక ఆ గాజుకి రంగు వేసి చూస్తే ప్రతి అడుగు చోటా జిగురు ముద్ర గుండ్రంగా మిగిలి కనపడుతుంది. గాలి లాగి పట్టుకునేదైతే కన్నాలు కన్నాలుగా ఉండే పలక మీద పట్టు జారిపోవాలి, ఇవి అక్కడ కూడా పట్టుకుంటాయి. అందుకని ప్రధానంగా జిగురే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. ఎంసీక్యూలో సక్కర్ అని ఆప్షన్ ఉంటే పెట్టండి తప్పులేదు, ఆ భాగం పేరు అదే. పని జరిగే విధానం మాత్రం ఇది.

కోచింగ్_సార్_తిరుచానూరు
జిగురు, విడిపించే పదార్థం రెండూ పక్కపక్క కణాల్లో ఉండటం క్లాసులో చెప్తే పిల్లలకి బాగా గుర్తుంటుంది, రేపటి నుంచి కలుపుతాను. ఇంకో విషయం కూడా మీరే చెప్పండి, అస్థిపంజరం లోపలిదా బయటిదా అని ప్రతి సంవత్సరం గొడవ. సీ అర్చిన్ చూస్తే పైన చిప్ప ఉన్నట్టే ఉంటుంది.

బైరాగిపట్టెడ_జువాలజీ
లోపలిదే సార్, ఎండోస్కెలిటన్. చిప్ప పైన పల్చటి చర్మం పొర ఉంటుంది, ముళ్ళ మీద కూడా మొదట్లో ఉంటుంది. నత్త చిప్ప ఒంటి బయటికి వదిలిన సున్నం, ఇది చర్మం కింద మీసోడర్మ్ (పిండం నడి పొర) కణాలు కట్టుకున్న సున్నం. ఒక్కో ముక్కని ఆసికిల్ అంటారు, మైక్రోస్కోపు కింద చూస్తే గట్టి రాయి కాదు, సందులు సందులుగా ఉండే జాలీ, ఆ సందుల్నిండా ప్రాణమున్న కణజాలం. చిత్రం ఏంటంటే ఆ జాలీ అంతా పోలరైజ్డ్ వెలుతురులో ఒకే ఒక్క కాల్సైట్ (సున్నపు ఖనిజం) స్ఫటికం మాదిరి ప్రవర్తిస్తుంది.

విశాఖ బీచ్ రాళ్ళలో నల్లటి అర్చిన్‌లు, స్టోమోప్న్యూస్టిస్, దండిగా ఉంటాయి. ముళ్ళు రాలిపోయిన ఖాళీ గుల్ల దొరికితే ఎండకి ఎదురుగా పట్టుకొని నోటి కన్నంలోంచి లోపలికి చూడండి. ఐదు పట్టీల్లో సన్నటి కన్నాలు జంటలు జంటలుగా వరసల్లో మెరుస్తాయి. ఒక్కో జంట కన్నాల్లోంచి ఒక్కో ట్యూబ్ ఫుట్ బయటికి వచ్చేది. ఆ పట్టీల మధ్యలో కన్నాలు లేని ఐదు పట్టీలు. బొడిపెలు ఉన్నవన్నీ ముళ్ళు కూర్చునే కీళ్ళు. స్టార్‌ఫిష్ చేతులన్నీ పైకి లేపి నడినెత్తిన కలిపితే వచ్చే ఆకారమే అర్చిన్, అది గుల్ల చేతిలో పెట్టుకున్న పిల్లవాడికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. నోట్లో ఉండే అరిస్టాటిల్ లాంతరు, ఐదు పళ్ళు, వాటిని కదిపే కండరాలు, అది వేరే పోస్టు రాయాల్సినంత ఉంది.

పలమనేరు_పుష్ప
మా చిన్నోడు ఐదో క్లాసు, స్టార్‌ఫిష్‌ని ముక్కలు చేస్తే ప్రతి ముక్కా ఒకటవుతుందని స్కూల్లో చెప్పినారంట, నిజమేనా అని పొద్దున్నుంచి ఒకటే అడుగుడు. ఎవరైనా వాడికి అర్థమయ్యేట్టు చెప్పండి.

ఏర్పేడు_ల్యాబ్
అక్కా, అన్నిటికీ నిజం కాదు. చాలా జాతులకి చెయ్యి తెగితే చెయ్యి మళ్ళీ వస్తుంది, నెలలు పడుతుంది, కానీ తెగిపోయిన చెయ్యి ఒక్కటే కొత్త జంతువు కావాలంటే నడి భాగం కొంచెమైనా దానితో ఉండాల. లింకియా అనే రకం వేరు, లక్షద్వీప్ పగడపు దిబ్బల్లో నీలం రంగులో ఉంటుంది, దాని చెయ్యి ఒక్కటే మిగిలినా ఆ చివర నాలుగు చిన్న చేతులు, కొత్త నోరు మొలుస్తాయి. కొన్నాళ్ళు ఒక పెద్ద చెయ్యి, నాలుగు బుడ్డ చేతులతో తోకచుక్క ఆకారంలో తిరుగుతుంది. బాబుకి ఇది బొమ్మ గీసి చూపించండి. ముక్కలు చేసి చూడాలని మాత్రం అనిపించనివ్వద్దు.

తూపిలిపాలెం_అల
నాకు ఇంకోటి అడగాలని ఉండాది. మా పక్క కొందరు సముద్ర దోసకాయలు దొరికితే చెప్పండి, మంచి రేటు ఇస్తాం అని తిరుగుతా ఉంటారు. వలలో అప్పుడప్పుడు పడతాయి, చేత్తో పట్టుకుంటే ముందు మెత్తగా ఉండేది ఒక్కసారి గట్టిగా బిగుసుకుంటుంది. అది కూడా ఈ ఫైలమే అంట కదా?

బైరాగిపట్టెడ_జువాలజీ
నాయనా మొదట చట్టం మాట. 2001లోనే మన దేశంలో సముద్ర దోసకాయలన్నిటినీ వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో చేర్చినారు. రేటు ఆశ చూపించేవాళ్ళ మాట పట్టుకొని మీవాళ్ళు కేసుల్లో ఇరుక్కోవద్దు, వలలో పడితే ప్రాణంతో ఉన్నప్పుడే నీళ్ళలోకి వదిలెయ్యండి. చైనా వైపు తిండికీ మందుకీ ఎండబెట్టి అమ్ముతారు, ఆ డిమాండ్ వల్లే మన్నార్ గల్ఫ్, పాక్ బే వైపు ఇవి బాగా తగ్గిపోయినాయి. 2020లో లక్షద్వీప్‌లో చెరియపాణి దగ్గర వీటికోసమే ఒక రక్షిత ప్రాంతం ప్రకటించినారు.

నీ చేతిలో బిగుసుకున్నది కండరం ఒక్కటే కాదు. ఈ ఫైలమ్‌కి ప్రత్యేకమైన కొల్లాజెన్ (ఒంటిని కట్టి ఉంచే నార ప్రొటీన్) ఉంది, నాడుల ఆజ్ఞ మీద కొన్ని సెకన్లలో గట్టిపడుతుంది, మళ్ళీ మెత్తబడుతుంది. కండరమైతే బిగించి ఉంచడానికి శక్తి ఖర్చవుతా ఉండాల, దీనికి ఆ ఖర్చు చాలా తక్కువ. సీ అర్చిన్ ముల్లు ఒక దిక్కుకి పెట్టి లాక్ చెయ్యడం, సన్నటి చేతులుండే బ్రిటిల్ స్టార్ పట్టుకోగానే చెయ్యి తెంపుకొని పోవడం, దోసకాయ మెత్తబడి రాళ్ళ సందులోకి దూరి లోపల బిగుసుకోవడం అన్నిటికీ మూలం ఈ కొల్లాజెనే. శత్రువు వస్తే కొన్ని దోసకాయలు పేగులే బయటికి కక్కేస్తాయి, తర్వాత మళ్ళీ పెంచుకుంటాయి. ఊపిరి తీసుకునేది మలద్వారం వైపు నుంచే, అక్కడి నుంచి చెట్టు కొమ్మల మాదిరి గొట్టాలు లోపలికి పోయి ఉంటాయి, నీళ్ళు లోపలికి బయటికి పంపు చేస్తుంది.

శిలాతోరణం_రాళ్ళు
జియాలజీ వైపు నుంచి ఒక మాట. తిరుమల శిలాతోరణం చూసొచ్చిన స్టూడెంట్లు ఇక్కడ సముద్ర జీవుల ఫాసిల్స్ ఉంటాయా అని అడుగుతా ఉంటారు. అక్కడి క్వార్ట్‌జైట్ వయసు సుమారు 150 కోట్ల సంవత్సరాలు అంటారు. ఇకైనోడర్మ్‌లు కేంబ్రియన్‌లో, అంటే 50 కోట్ల సంవత్సరాలకి కొంచెం ముందు కనపడతాయి. ఆ రాయి గట్టిపడే నాటికి ఇవి లేనే లేవు. చూడాలంటే తమిళనాడు అరియలూరు పోవాల, క్రెటేషియస్ కాలంలో అక్కడ సముద్రం ఉండేది, సిమెంటు సున్నపురాయి గనుల్లో సీ అర్చిన్ ఫాసిల్స్ దొరికినాయి. గనుల్లోకి పర్మిషన్ లేకుండా పోవద్దు, మ్యూజియంలో చూసినా చాలు, ఐదు రేకుల పువ్వు గుర్తు రాయి మీద అట్లనే ఉంటుంది.

నర్సింగ్_సిస్టర్_తిరుపతి
నేను చదువుకునేటప్పుడు ఇమ్యూనిటీ క్లాసులో మెచ్నికాఫ్ పేరు విన్నాను గానీ ఆయన చూసింది స్టార్‌ఫిష్ లార్వాలో అని తర్వాత తెలిసింది. 1882లో ఇటలీ మెస్సీనాలో, గాజులాగా ఉండే లార్వాలో గులాబి ముల్లు గుచ్చి రాత్రంతా ఉంచి చూస్తే, పొద్దునకి ఆ ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. మన తెల్లరక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగే పని ఇదే అని ఆయన పట్టుకున్నాడు, 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చినారు. రోజూ వార్డులో గాయానికి చీము చూసేటప్పుడు నాకు ఆ లార్వానే గుర్తొస్తుంది. లార్వా ఒళ్ళు అంత పారదర్శకంగా లేకపోతే బతికున్న ప్రాణిలో ఇది కంటితో చూడటం అప్పట్లో చాలా కష్టం.

ఏర్పేడు_ల్యాబ్
సిస్టర్ చెప్పినదానికి తోడు, కణం ఎప్పుడు చీలాలో చెప్పే సైక్లిన్ ప్రొటీన్‌ని టిమ్ హంట్ 1982లో పట్టుకున్నది సీ అర్చిన్ గుడ్లలోనే, 2001లో నోబెల్ వచ్చింది. లక్షల గుడ్లు ఒకేసారి ఒకే లయలో చీలుతాయి, అందుకే ఆ పనికి అంత బాగా పనికొచ్చినాయి. 2006లో పర్పుల్ సీ అర్చిన్ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) చదివినప్పుడు 23 వేల పైచిలుకు జీన్‌లు లెక్క తేలినాయి, మన లెక్కకి దగ్గర్లోనే, వాటిల్లో చాలావాటికి మనలో జోడీ ఉంది. తమ్ముడు మొదట అడిగిన చుట్టరికానికి ఇది కూడా సాక్ష్యమే.

చిత్తూరు_బైపీసీ
ఎకాలజీ చాప్టర్లో పిసాస్టర్ అని వస్తుంది, అమెరికా పసిఫిక్ ఒడ్డున స్టార్‌ఫిష్‌ని తీసేస్తే పది జాతుల పైన పోయినాయని, అది కూడా ఇదే కదా? ఇంగ చివరిగా ఒక డౌటు, అవి చూస్తాయా అన్నా? కళ్ళు యాడుంటాయి?

ఏర్పేడు_ల్యాబ్
అదే, పిసాస్టర్ ఓక్రేసియస్, రాబర్ట్ పెయిన్ చేసిన పని. పిసాస్టర్ ఆల్చిప్పల్ని తింటా వాటిని అదుపులో పెట్టేది, అది పోయేసరికి ఆల్చిప్పలే రాయి మొత్తం కప్పేసి మిగతావాటికి చోటు లేకుండా చేసినాయి. కీస్టోన్ స్పీసీస్, అంటే అది పోతే మిగతా గుంపంతా మారిపోయే జాతి, అనే మాట అక్కడి నుంచే.

కళ్ళు ప్రతి చేతి కొసన ఒక ఎర్రటి చుక్కలో ఉంటాయి. తూపిలిపాలెం తమ్ముడు చూసినప్పుడు చేతి కొసలు పైకి మడుచుకున్నాయి అన్నాడు కదా, కొస కింది వైపు ఉండే ఆ చుక్క అప్పుడు బయటికి కనపడుతుంది. నీలం లింకియా మీద 2014లో చేసిన పనిలో తేలింది ఏంటంటే, దగ్గర్లో ఉండే పగడపు దిబ్బ నల్లటి పెద్ద ఆకారంగా దానికి కనపడుతుంది, రంగు తెలీదు, వివరాలు తెలీవు. కళ్ళు తీసేస్తే దిబ్బ వైపు పోకుండా ఎటంటే అటు పోయినాయి. ఆ చుక్క ఉండే చోటు కూడా తల ముందు జీన్‌లు పనిచేసే నడిగీత చివరే.

తూపిలిపాలెం_అల
ఎర్రచుక్క రేపు చూస్తా. మా పక్క స్వర్ణముఖి సముద్రంలో కలిసే కాడ, పులికాట్ లోపల, వానాకాలంలో ఇవి అసలు కనపడవు. బావి నీళ్ళు తొట్లో పోసి పెడితే కూడా కాసేపటికి వాలిపోతాయి అంటారు మావాళ్ళు. ఎందుకు?

బైరాగిపట్టెడ_జువాలజీ
వీటికి కిడ్నీ పని చేసే అవయవం లేదు, ఉప్పుని ఆపి నీళ్ళని బయటికి తోసే ఏర్పాటు లేదు. ఒంట్లో ద్రవం ఉప్పదనం బయటి సముద్రంతో సమానం. ట్యూబ్ ఫీట్, చర్మం మీద పాప్యులే అనే పల్చటి బుడిపెలు, ఊపిరి తీసుకునేదీ అమ్మోనియా బయటికి పంపేదీ వాటిల్లోంచే, అంత పల్చటి గోడల గుండా మంచినీళ్ళు లోపలికి దూరిపోయి కణాలు ఉబ్బిపోతాయి. వరద వచ్చినప్పుడు నది కలిసే చోట ఉప్పు ఒక్కసారి పడిపోతుంది, తట్టుకోలేవు. బాల్టిక్ లాంటి తక్కువ ఉప్పు సముద్రంలో కొన్ని సర్దుకున్నాయి గానీ, బతికున్న 7,000 జాతుల్లో మంచినీళ్ళలో ఉండేది ఒక్కటీ లేదు.

కాబట్టి తొట్లో పెట్టి చూసేటప్పుడు దాన్ని పట్టిన చోటి నీళ్ళే వాడు, బావి నీళ్ళు కలపొద్దు. ఎండలో పెట్టొద్దు, నీళ్ళు వేడెక్కితే ఊపిరాడదు. మాడ్రిపోరైట్, ఎర్రచుక్క చూసేసి, ఫొటోలు తీసుకొని, చీకటి పడకముందే ఇసక ఉండే చోట వదిలెయ్యి. మాడ్రిపోరైట్ ఫొటో దగ్గరగా వస్తే ఇక్కడ పెట్టు, చిత్తూరు పిల్లోడికి పనికొస్తుంది.